కిచిజి చూసిన చెయ్యి

"ఆ మూల పీట మీద వద్దమ్మా. ఇటొచ్చి కూర్చో," అన్నాడు కిచిజి, మరుగుతున్న రసం కుండ మీంచి తల ఎత్తకుండానే.

ఇబుకి సెత్సుకో విననట్టే వెళ్లి ఆ మూల పీట మీదే కూర్చుంది. మంచుకి తడిసిన కోటు విప్పి ఒళ్లో పెట్టుకుంది. మధ్యాహ్నం రద్దీ అప్పటికే తగ్గింది. ఆ ఇరుకు రామెన్ నూడుల్స్ కొట్లో ఆమె కాక, వెనక గోడవారగా ఉన్న చిన్న బల్ల దగ్గర ఒకాయన మాత్రం తింటున్నాడు.

"గెన్జో గారు రోజూ ఏం తినేవారో అదే పెట్టండి, బాబాయ్ గారూ."

కిచిజి చేతిలో నూడుల్స్ జల్లెడ గాల్లోనే ఆగింది. డెబ్భై దాటిన మనిషి, పొయ్యి వేడికి మొహం ఎర్రగా కమిలిపోయి ఉంది.

"పోలీసా?"

"ఒకప్పుడు. మానేశాను. ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ పని చేసుకుంటున్నాను. సెందాయ్ నుంచి వచ్చాను. గెన్జో గారమ్మాయి ఫుమినో పిలిపించింది."

ఉకాయి గెన్జో, షిరానుమా ఊళ్లో అన్నిటికన్నా పాత స్నానాల విడిది 'కావసెమి'కి యజమాని. రెండు వారాల కిందట ఒక సాయంత్రం తన సొంత స్నానాల గదిలో, వేడినీటి తొట్టిలో బోర్లా తేలుతూ కనిపించాడు. గుండె ఆగిందని డాక్టరు రాసిచ్చాడు. పోలీసులు ఫైలు మూసేశారు. దహనం కూడా అయిపోయింది. కూతురి అనుమానమంతా చిన్నాన్న షుంపెయ్ మీద. విడిదినీ, దాన్ని పోషించే కొండ మీది వేడినీటి ఊటనీ ఒక పెద్ద కంపెనీకి అమ్మేద్దామని షుంపెయ్ చాలాకాలంగా పోరుపెడుతున్నాడు. అన్న ససేమిరా అన్నాడు.

కానీ ఆ రోజు షుంపెయ్ మధ్యాహ్నం పన్నెండింటి రైలుకే సెందాయ్ వెళ్లిపోయాడు. స్టేషన్లో నలుగురూ చూశారు, అక్కడ దిగాక స్నేహితులూ చూశారు. ఆ తరవాత రెండు దాటాక గెన్జో ఇదే కొట్లో, ఇదే పీట మీద రామెన్ తిని వెళ్లాడు. అంటే తమ్ముడు ఊరు దాటేసరికి అన్న నిక్షేపంగా బతికే ఉన్నాడు. ఫుమినో అనుమానం ఎటు తిరిగినా ఈ గిన్నె దగ్గరికొచ్చి ఆగిపోతోంది.

కిచిజి గిన్నె అందించాడు. ఎండుచేపలు మరిగిన ఘాటు వాసన, సోయా నలుపు, పైన రెండు పంది మాంసం ముక్కలు, వెదురు మొలకలు. సెత్సుకో ఒక గుక్క తాగింది. లోపలికి దిగిన వేడికి వేళ్లలో చలి వదిలింది. కానీ ఆమె కళ్లు గిన్నె మీద లేవు. ఎదురుగా ఒక నీలం గుడ్డ వేలాడుతోంది. పై దూలం నుంచి దిగి, సరిగ్గా ఆ మూల పీటకీ పొయ్యికీ మధ్య అడ్డంగా ఉంది. మిగతా పీటల ముందు అలాంటిదేమీ లేదు. గుడ్డకీ బల్లకీ మధ్య గిన్నె పట్టేంత సందు మాత్రమే మిగిలింది.

"ఆ రోజు గెన్జో గారిని మీరు చూశారా?"

"చూడకేం? నేనే వడ్డించాను."

"మొహం చూశారా అనడుగుతున్నాను."

కిచిజి కుండలో గరిటె తిప్పసాగాడు. మూలన గిన్నెలు కడుగుతున్న అతని భార్య తొమె ఫక్కున నవ్వింది.

"చెప్పవయ్యా, సిగ్గెందుకు! ఈయన గెన్జో గారి మొహం చూసి పన్నెండేళ్లయిందమ్మా. ఊట నీళ్ల గొట్టం మా కొట్టు కిందనుంచి వేస్తానని ఆయన, వేస్తే కాళ్లు విరగ్గొడతానని ఈయన. ఆ రోజునుంచీ మాటల్లేవు. ఆయన మొహం కనపడకూడదని ఈయనే ఆ గుడ్డ కట్టాడు."

"మాటల్లేకపోతే రోజూ ఇక్కడికే వచ్చి తినడమెందుకు?"

"ఇంకెక్కడికి పోతాడు?" అన్నాడు కిచిజి కోపంగా. "ఊళ్లో మిగతా వాళ్లు కాచేది రసమా?"

సెత్సుకోకి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. "మరి వచ్చింది ఆయనేనని ఎలా తెలుస్తుంది?"

"కావసెమి వాళ్ల నీలం కోటు. ముక్కుకి గుడ్డ. వచ్చి ఆ పీట మీద కూర్చుంటాడు, బల్ల మీద రెండుసార్లు తడతాడు. నేను గిన్నె పెడతాను. చెయ్యి వచ్చి తీసుకుంటుంది. పన్నెండేళ్లుగా నాకు గెన్జో అంటే ఆ చెయ్యే. బొటనవేలికి బండ వెండి ఉంగరం, భార్య పెట్టింది."

"ఆ రోజూ ఉందా ఉంగరం?"

"ఉండకేం? తళతళలాడిపోతోంది. గిన్నె అందుకుంటుంటే దీపం వెలుతురు పడి మెరిసింది. ఏవిట్రా, ఇవాళ ఉంగరం తోమించాడు అనుకున్నాను. తరవాత గుర్తొచ్చింది, ఆవిడ పోయిన రోజు దగ్గర పడుతోందని." కిచిజి జల్లెడ కింద పెట్టాడు. "పలకరిద్దామనుకున్నాను. ఒక మాంసం ముక్క ఎక్కువ వేశాను. అంతవరకే చేతనైంది. నోరు పెగల్లేదు."

వెనక బల్ల దగ్గర తినే పుల్లల చప్పుడు ఆగింది.

"అలా మనసు పాడుచేసుకోకండి, కిచిజి గారూ," అన్నాడు అక్కడున్నాయన, మూతి తుడుచుకుంటూ. "ఎక్కువ వేసిన ముక్క ఆయన తినే వెళ్లారు. అదే పలకరింపు."

"మన డాక్టరు మికుని గారు," అంది తొమె సెత్సుకోతో. "గురువారం గురువారం సెందాయ్ నుంచి వస్తారు. గెన్జో గారు పోయాక చూసి కాగితం రాసిచ్చింది కూడా ఈయనే."

మికుని లేచి మర్యాదగా తల వంచాడు. అరవై ఏళ్లుంటాయి. చేతులు కోటు జేబుల్లోనే ఉన్నాయి. "బాధాకరం. భోజనమైన వెంటనే వేడినీళ్లలో దిగడం ఆ వయసులో మంచిది కాదని ఎన్నిసార్లు చెప్పానో. కిచిజి గారూ, మోకాళ్లెలా ఉన్నాయి?"

"మంచు పడితే ఇంతే, డాక్టరు గారూ. రాత్రంతా పోటు."

"చూద్దాం, ఏదో ఒకటి చేద్దాం," అంటూ ఆయన తలుపు తీసుకుని బయటికి వెళ్తుండగా, ఎదురుగా పోలీసు ఇన్‌స్పెక్టర్ నెగోరో లోపలికొచ్చాడు. ఇద్దరూ ఒకరికొకరు దారిచ్చుకున్నారు. నెగోరో బూట్ల మంచు దులుపుకుని, సెత్సుకో పక్క పీట మీద కూలబడ్డాడు.

"ఉద్యోగం మానేసినా మీకు పోలీసు కూర్చునే తీరు పోలేదు, మేడమ్. గోడకి వీపు, గుమ్మం మీద చూపు."

"నీకు ఉద్యోగం పెరిగినా పిలవని చోటికి వచ్చే అలవాటు పోలేదు, నెగోరో."

ఒకప్పుడు సెందాయ్ పోలీసు స్టేషన్లో అతను ఆమె కింద పనిచేశాడు. నివేదిక ఎలా రాయాలో ఆమే నేర్పింది. ఆమె ఉద్యోగం వదిలేసిన ఏడాదే అతనికి పదోన్నతి వచ్చింది. ఆ సంగతి ఇద్దరూ ఎత్తరు, ఇద్దరూ మర్చిపోరు.

"కేసు మూసేశాం," అన్నాడు నెగోరో. "వయసు మళ్లిన మనిషి, వేడినీళ్లు, గుండె. డాక్టరు రాసిచ్చాడు. చావు మూడింటి ప్రాంతంలో. మీరొచ్చి ఆ పిల్ల బుర్రలో లేనిపోనివి పెట్టకండి."

"మూత పెట్టావు సరే. కుండలో ఏముందో చూశావా?"

"చూశాను. రామెన్ ఉంది. మీ ముందున్నదే. చల్లారకముందు తినండి."

సెత్సుకో తినేసింది. గిన్నె ఎత్తి అడుగుదాకా తాగి, గుడ్డ కిందనుంచి అవతలికి జరిపింది. కిచిజి చెయ్యి వచ్చి దాన్ని తీసుకెళ్లింది. ఆమె అక్కడే కూర్చుని ఆ చేతిని చూసింది. గోళ్లూ, కాలిన మచ్చలూ, మణికట్టు దాకా. ఆ పైన మనిషెవరైనా కావచ్చు.

*

కావసెమి విడిది గేటు దగ్గర కారు ఇంజను నడుస్తూనే ఉంది. స్టీరింగు దగ్గర షుంపెయ్ ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. ఫుమినో మంచులో నిలబడి సెత్సుకో కోసం ఎదురుచూస్తోంది. ముప్ఫై ఏళ్ల మనిషి, ఈ రెండు వారాల్లో చిక్కి సగమైంది.

"మీరు చెప్పినట్టే అన్నానండీ," అంది గొంతు తగ్గించి. "అమ్మేముందు కొండ మీది ఊట ఒకసారి చూపించమన్నాను. చిన్నాన్న వెంటనే ఒప్పుకున్నాడు. సాయంత్రం దాకా ఆయన ఇటు రాడు. మీరు గది చూసుకోవచ్చు."

"మంచిది. ఒక్క మాట. నాన్నగారి ఉంగరం ఎక్కడుంది?"

ఫుమినో మెడలోంచి దారం పైకి తీసింది. చివర వేలాడుతున్న బండ ఉంగరం బొగ్గులా నల్లగా ఉంది.

"తోమించేవారా దీన్ని?"

"నాన్నా? జన్మలో తోమలేదు. ఈ ఊరి గాలికి వెండి నల్లబడక తప్పదు, అదే దాని రంగు అనేవాడు. అసలు వేలినుంచి ఊడొస్తే కదా తోమడానికి! ఆ రోజు సబ్బు రాసి తీయాల్సొచ్చింది."

సెత్సుకో తన చేతి గడియారం వైపు చూసుకుంది. దాని వెండి గొలుసు తను ఈ ఊరొచ్చిన రెండు రోజులకే ఇత్తడి రంగుకి తిరిగింది. ఊరు ఊరంతా కుళ్లిన గుడ్ల వాసన. ఈ వాసనలో ఏ వెండీ తెల్లగా నిలవదు.

"ఇది నాకివ్వమ్మా. సాయంత్రం ఇచ్చేస్తాను."

కారు హారను మోగింది. "అమ్మాయ్, వెలుతురుండగా వెళ్లొద్దాం రా!" అని షుంపెయ్ అద్దం దించి పిలిచాడు. సెత్సుకోని చూసి నవ్వుతూ చెయ్యి ఊపాడు. కారు కొండ దారి పట్టింది.

*

గెన్జో సొంత స్నానాల గది విడిదికి వెనకాల, విడిగా ఉంది. దేవదారు చెక్క గోడలు, పాలలా తెల్లటి నీళ్ల తొట్టి, పైన ఒక కిటికీ. సెత్సుకో తొట్టి వైపు చూడలేదు. నేరుగా నేలమీద మోకాళ్లూని కూర్చుంది. గోడ అడుగున, నేలకి ఆనుకుని, చెక్క పట్టీలు బిగించిన ఒక సందు బయటికి తెరుచుకుని ఉంది.

ఇలాంటి ఊట నీళ్లున్న ప్రతి గదిలో అలాంటి సందు ఉండి తీరాలి. నీళ్లలోంచి వచ్చే గంధకపు ఆవిరి గాలికన్నా బరువు. పైకి పోదు, నేల మీదే పేరుకుంటుంది. సందు తెరిచి ఉంటే బయటికి జారిపోతుంది. మూస్తే తొట్టిలో కూర్చున్న మనిషి మూతి దాకా నిండుతుంది. మొదట వాసన గుప్పుమంటుంది. మోతాదు పెరిగాక ముక్కు మొద్దుబారి అసలు వాసనే తెలియదు. ఆ తరవాత ఎంతో సేపు పట్టదు.

పట్టీల లోపలి వైపంతా పసుపు పొడి దట్టంగా పేరుకుని ఉంది. బయటి వైపు మాత్రం ఎవరో గట్టిగా తుడిచినట్టు శుభ్రంగా ఉంది. ఒక పట్టీ చీలికలో నీలం నూలు పోగులు ఇరుక్కున్నాయి. విడిది తువ్వాళ్ల అంచు నీలమే. సెత్సుకో పోగుల్ని పట్టకారుతో తీసి కాగితంలో చుట్టింది.

"మీకెవరిచ్చారు అనుమతి?"

గుమ్మంలో నెగోరో.

"యజమానురాలు. నీకెవరిచ్చారు?"

"బయటికి రండి మేడమ్. మర్యాదగా చెప్తున్నాను."

"మర్యాదగానే వస్తాను. ముందు ఇది పట్టుకో." ఉంగరం అతని అరచేతిలో పెట్టింది. "శవం వేలినుంచి తీసిన ఉంగరం. నీ ఫొటోల్లో కూడా ఉండి ఉంటుంది. ఏం రంగు?"

"నలుపు. అయితే?"

"కొట్లో కూర్చున్నాయన వేలికి తళతళలాడే ఉంగరం ఉంది. కిచిజి చూశాడు."

నెగోరో విసుగ్గా నవ్వాడు. "ఇంతేనా? ఆ రోజు పొద్దున తోమించుకుని ఉంటాడు. తరవాత ఇదే నీళ్లలో దిగాడు. మళ్లీ నల్లబడింది. మీరు నేర్పిందే కదా, మామూలు కారణం ఉండగా వింత కారణం వెతకొద్దని?"

"ఒక్క స్నానానికి పట్టే నలుపు పలచగా ఉంటుంది. గుడ్డతో రుద్దితే పోతుంది. నువ్వే రుద్ది చూడు."

నెగోరో జేబురుమాలు తీసి రుద్దాడు. గట్టిగా రుద్దాడు. ఉంగరం లోపలి అంచునీ, చెక్కడం గీతలనీ గోటితో గీకాడు. నలుపు చెక్కు చెదరలేదు. అతని మొహంలో నవ్వు కొంచెం కొంచెంగా తగ్గింది.

"ఏళ్ల నలుపు," అంది సెత్సుకో. "అంటే ఉంగరాలు రెండు. రెండోది ఈ ఊరి గాలి తగలనిది, బయటినుంచి కొత్తగా తెచ్చింది. ఆ కోటు వేసుకుని, ఆ గుడ్డ వెనక కూర్చుని తిన్నది గెన్జో కాదు. గెన్జో పొద్దుటి స్నానంలోనే పోయాడు. సందు బయటినుంచి మూశారు, పని అయ్యాక తీసేశారు. ఇవిగో తువ్వాలు పోగులు. ఆ తరవాతే షుంపెయ్ తాపీగా రైలెక్కాడు."

"మరి తిన్నదెవరు?"

"అదే తెలియాలి. పన్నెండేళ్లుగా కిచిజి మొహం చూడడని తెలిసినవాడు. బల్ల మీద రెండుసార్లు తట్టాలని తెలిసినవాడు."

నెగోరో ఆ సందు ముందు తనూ మోకాళ్లూనాడు. పసుపు పొడిని వేలితో గీసి చూశాడు. లేచి బట్టలు దులుపుకుని, "ముసలాయన చెప్పింది నా ఎదుట మళ్లీ చెప్పాలి," అన్నాడు. "చెబితే తెరుస్తాను. కానీ ఒక్కటి, మీరు చెప్పారని కాదు."

"ఎవరు చెప్పారని రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు. పద."

*

కొట్టు తెరిచి ఉందనడానికి గుమ్మం ముందు వేలాడదీసే గుడ్డ లోపలికి తీసేసి ఉంది. తలుపు తోసుకుని వెళ్తే తొమె ఒక్కతే బల్లలు తుడుస్తోంది. పొయ్యి ఆర్పేసి ఉంది. ఆ వేళప్పుడు ఆర్పడం కిచిజికి అలవాటు లేని పని.

"బాబాయ్ గారేరి పిన్నిగారూ?"

"అయ్యో, ఇప్పుడే వెళ్లాడమ్మా! ఎంత అదృష్టమో చూడు. డాక్టరు గారు కారేసుకుని వచ్చి తీసుకెళ్లారు. మోకాళ్లకి మంచిదని గెన్జో గారి గదిలోనే స్నానం చేయిస్తారట. షుంపెయ్ గారు ఫోన్లో సరేనన్నారట. పన్నెండేళ్ల తరవాత ఆ గడప తొక్కబోతున్నానని ఈయన కొత్త చొక్కా కూడా వేసుకున్నాడు. గెన్జో గారి ఫొటోకి ఒక దణ్ణం పెట్టుకుని వస్తానన్నాడు."

"మేం అక్కణ్ణుంచే వస్తున్నాం. ఎవరూ ఎదురు రాలేదే!"

"వెనక గేటు నుంచి వెళ్తామన్నారు. అటైతే మెట్లుండవట."

సెత్సుకో రోజులు లెక్కేసింది. గెన్జో పోయిందీ గురువారమే. ఇద్దరు ముసలాళ్ల మోకాళ్లూ చూసేది ఆయనే, ఇద్దరి పంతమూ తెలిసింది ఆయనకే. వారానికొక్కసారి ఊళ్లోకి వచ్చే మనిషి వెండి నల్లబడదు. ఇందాక కిచిజి ఉంగరం మాట ఎత్తినప్పుడు వెనక బల్ల దగ్గరున్నదీ ఆయనే. కొట్లో కూర్చుని తిన్నదీ, గెన్జో మూడింటికి పోయాడని రాసిందీ ఒకే చెయ్యి.

"నెగోరో, డాక్టరు!"

అతను అప్పటికే గుమ్మం దాటాడు.

నెగోరో కారు విడిది వెనక గేటుని రాసుకుంటూ ఆగింది. మంచులో తాజా బూటు అడుగులు గోడవారగా వెళ్లి ఆ సందు దగ్గర ఆగాయి. సందు నిండా తడి తువ్వాళ్లు కుక్కి ఉన్నాయి. సెత్సుకో వాటిని రెండు చేతులా లాగి పారేసింది. నెగోరో గదివైపు పరిగెత్తాడు. గది ముందు అరుగు మీద మికుని సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"లోపల స్నానం చేస్తున్నారు ఇన్‌స్పెక్టర్ గారూ. కాసేపు ఆగండి," అన్నాడు నిదానంగా.

నెగోరో ఆయన్ని భుజంతో పక్కకి నెట్టాడు. తలుపుకి బయటినుంచి చెక్క ముక్క బిగించి ఉంది. కాలితో తంతే ఊడింది.

"ఊపిరి బిగబట్టు!" అని అరిచింది సెత్సుకో వెనకనుంచి. "వంగకు! పీల్చావంటే నువ్వూ పడతావు!"

తలుపు తెరుచుకోగానే వాసన మొహాన కొట్టింది. ఇద్దరూ నోరు మూసుకుని లోపలికి దూకారు. కిచిజి తొట్టి అంచు మీద సగం బయటికి వాలి ఉన్నాడు, లేవబోయి పడ్డట్టు. నెగోరో చంకల కింద, సెత్సుకో కాళ్ల దగ్గర పట్టుకున్నారు. తడి ఒళ్లు చేతుల్లోంచి జారింది. ఒకసారి జారి నేలమీద పడ్డాడు. సెత్సుకో ఛాతీ బద్దలయ్యేలా ఉంది. ఒక్క గుక్క పీల్చుదామని నోరు తెరవబోయి, పళ్లు బిగించి మళ్లీ పట్టుకుంది. ఈడ్చుకుంటూ బయటి మంచులోకి వచ్చి ముగ్గురూ ఒక కుప్పలా పడ్డారు.

నెగోరో తన కోటు విప్పి ముసలాయనకి చుట్టాడు. చెంపల మీద కొట్టాడు. "బాబాయ్! కిచిజి బాబాయ్!"

కాసేపటికి కిచిజి పొట్ట కదిలింది. దగ్గొచ్చింది, వాంతయింది, ఊపిరి అందింది.

మికుని సంచీ తెరుస్తూ దగ్గరికొచ్చాడు. "జరగండి, సూది వెయ్యాలి. గుండె నిలబెట్టాలి."

"ఇంకొక్క అడుగు వేస్తే ఆ సూది నీకే వేస్తాను," అంది సెత్సుకో.

నెగోరో లేచి, డాక్టరు చేతిలోంచి సంచీ తీసుకుని దూరంగా విసిరాడు. అరుగు స్తంభం దగ్గరికి లాక్కెళ్లి, మణికట్లు రెండూ దాని చుట్టూ కలిపి బేడీలు వేశాడు. అంబులెన్సుకి ఫోను చేశాడు. "నేను కేసు మూసేశానక్కా," అన్నాడు ఫోను జేబులో పెట్టుకుంటూ. "ఒక్కసారి ఆ సందు చూసుంటే సరిపోయేది. చూడకుండా మూసేశాను." 'మేడమ్' పోయి పాత పిలుపు ఎప్పుడు నోట్లోకి వచ్చిందో అతనికే తెలిసినట్టు లేదు.

కిచిజి కళ్లు తెరిచి సెత్సుకోని పోల్చుకున్నాడు. బేడీలున్న డాక్టరుని చూశాడు. ఎవరూ వివరించకుండానే సగం అర్థమైనట్టుంది.

"ఆ రోజు వచ్చింది గెన్జో కాదా, అమ్మా?"

"కాదు బాబాయ్ గారూ."

"మరైతే..." ఆయన ఒంటికి చుట్టిన కోటు దగ్గరికి లాక్కున్నాడు. "వాడు నా చేత్తో చివర తిన్నది ముందురోజు గిన్నె. ఆ రోజు ఉప్పెక్కువైంది. తెలిసి కూడా అలాగే పెట్టాను. తింటే తింటాడు లేకపోతే లేదని. వాడు చుక్క మిగల్చకుండా తాగి వెళ్లాడు."

సెత్సుకో ఆయన చెయ్యి పట్టుకుంది.

మికుని అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు. "కంపెనీ వాళ్లు ఇక్కడ ఆసుపత్రి కట్టి నా పేరు పెడతామన్నారు. షుంపెయే మాటలు నడిపాడు. నేను ఒక పూట కూర్చుని తిన్నాను, అంతే," అని గొణిగాడు. తలెత్తి కొండవైపు చూశాడు. "వాళ్లు ఇంకా దిగి రాలేదా?"

ఆ అడిగిన తీరు వినగానే సెత్సుకో ఫోను తీసి ఫుమినో నంబరు నొక్కింది. చాలాసేపు మోగాక ఎత్తారు.

"హలో, డిటెక్టివ్ గారా?" షుంపెయ్ గొంతు. "మా అమ్మాయి ఫోను కార్లోనే పెట్టి దిగింది."

"ఆమెకివ్వండి."

"ఎలా ఇస్తాను? ఊట చూస్తానని పల్లంలోకి దిగింది. ఇందాకణ్ణుంచి పిలుస్తున్నాను, పలకడం లేదు. గాలి కూడా ఆగిపోయింది ఇవాళ, గమనించారా? ఇలాంటప్పుడు ఆవిరి అక్కడే నిలిచిపోతుంది, దిగొద్దని మా అన్న ఎప్పుడూ చెప్పేవాడు. పిల్లలు వింటారా?"

షుంపెయ్‌ని దూరంగా తీసుకెళ్లమని ఫుమినోకి చెప్పింది తనే. అయినా సెత్సుకో మాట వణకనివ్వలేదు.

"షుంపెయ్ గారూ, జాగ్రత్తగా వినండి. మీ డాక్టరు బేడీలతో నా పక్కనే కూర్చున్నాడు. కిచిజి బతికాడు. అంతా చెప్పేశారు. ఆ పిల్ల పోతే మీ మీద రెండో హత్య. ఇప్పుడే పైకి లాగితే ఒకటే. లెక్క మీరే వేసుకోండి."

అవతల కారు తలుపు దడాలున పడింది. ఇంజను మొదలైంది. చక్రాలు మంచులో గిరగిరా తిరిగి పట్టు దొరికించుకున్నాయి. ఫోను ఎక్కడో కిటికీలోంచి విసిరేసినట్టు ధబ్బున పడింది. కానీ తెగిపోలేదు. కారు చప్పుడు దూరమైపోయింది.

సెత్సుకో ఫోనుని చెవికి అదిమి పట్టుకుంది. నెగోరో కారు తాళాలు చేతిలో పట్టుకుని ఆమె మొహంలోకి చూస్తున్నాడు.

ఆ నిశ్శబ్దంలో, ఫోన్లో, ఆ పల్లం అడుగు నుంచి, ఒక ఆడమనిషి దగ్గు వినిపించింది. ఒకసారి. కాసేపు ఆగి, ఇంకోసారి.

"బతికే ఉంది!" అంటూ సెత్సుకో కారు వైపు పరిగెత్తింది. కొండ మీదికి ఉన్నది ఒకటే దారి. ఆ దారిలోనే, వాళ్లకి ఎదురుగా, షుంపెయ్ దిగి వస్తున్నాడు.